గబ్బిలం: రాత్రి డ్యూటీ సిపాయి

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో ఎవరికైనా మైకు ఇస్తే మామూలుగా మూడు విషయాలే బయటికొస్తాయి. ఒకటి మనం చేసిన ఆపరేషన్లు, రెండు పెన్షన్, మూడు ఈసీహెచ్ఎస్. ఈసారి కార్యదర్శి గారు "సాబ్, పిల్లలు కూడా కదలకుండా కూర్చుని వినేది ఏదైనా చెప్పండి" అన్నారు. అందుకని గబ్బిలాల గురించి చెబుదామని వచ్చాను. నవ్వకండి. నేను శాస్త్రవేత్తను కాను, ఇంటర్ పాసై భర్తీ అయినవాణ్ణి. కానీ ఎయిర్ డిఫెన్స్‌లో చాలా ఏళ్ళు రాడార్ తెర ముందు కూర్చున్నాను. మనం నిన్న మొన్న నేర్చుకున్న విద్యను 5 కోట్ల ఏళ్ళ కిందటే నేర్చిన ప్రాణి ఒకటి ఉందని తెలిశాక దాని గురించి దొరికిందల్లా చదివాను.

ఇంకో కారణం కూడా ఉంది. 2020లో కోవిడ్ వచ్చిన దగ్గర్నుంచి గబ్బిలం అంటేనే జనానికి దడ. చెట్లు నరకమంటున్నారు, పొగ పెట్టమంటున్నారు. అలా చేస్తే గబ్బిలాలకే కాదు, మనకే ప్రమాదం. ఆ మాట సాక్ష్యాలతో చెప్పటమే ఈరోజు నా పని.

ముందు పరిచయం. గబ్బిలం పక్షి కాదు. గుడ్డు పెట్టదు, పిల్లను కని పాలిస్తుంది. పాలిచ్చే జంతువుల్లో నిజంగా రెక్కలాడించి ఎగరగలిగేది ఇదొక్కటే. పోనీ ఎలుక జాతా అంటే అదీ కాదు. చూడటానికి ఎలుకకు రెక్కలు కుట్టినట్టు ఉంటుంది గానీ, వంశవృక్షం తీసి చూస్తే గబ్బిలానికి గుర్రం, కుక్క, ఆవు దగ్గర చుట్టాలు. ఎలుక మనకే దగ్గర చుట్టం! ప్రపంచంలో పాలిచ్చే జంతువుల జాతుల్లో ఐదింట ఒక వంతు గబ్బిలాలే. 1,400కు పైగా జాతులున్నాయి. మన దేశంలో సుమారు 130 జాతులున్నాయి.

దాని రెక్క వేరే అవయవం కాదు, చెయ్యే. మన చేతికున్నట్టే ఐదు వేళ్ళు. నాలుగు వేళ్ళు గొడుగు కమ్మీల్లా పొడుగ్గా సాగాయి, వాటి మధ్య పల్చటి చర్మం. బొటనవేలు మాత్రం కొక్కెంలా బయట మిగిలింది. తలకిందులుగా ఎలా వేలాడుతుందని పిల్లలు అడుగుతారు. దాని ఒంటి బరువు కిందికి లాగేకొద్దీ కాలివేళ్ళలోని నరాలు బిగిసి తాళం పడిపోతుంది. కాబట్టి నిద్రలో కూడా పట్టు జారదు. ఎగరాలంటే పట్టు వదిలేస్తే చాలు. రన్‌వే అక్కర్లేదన్నమాట.

ఇది ఎప్పటి నుంచి ఉంది? అమెరికాలోని వ్యోమింగ్ రాష్ట్రంలో రాళ్ళలో దొరికిన ఒక గబ్బిలం శిలాజాన్ని 2008లో శాస్త్రవేత్తలు వివరించారు. వయసు సుమారు 5 కోట్ల 25 లక్షల ఏళ్ళు. ఇప్పటి గబ్బిలాలకు ఒకటి రెండు వేళ్ళకే గోళ్ళుంటే, దానికి ఐదు వేళ్ళకూ ఉన్నాయి. అంటే చెట్లెక్కే బతుకు ఇంకా పూర్తిగా వదల్లేదు. దాని చెవి నిర్మాణం చూసి, ముందు ఎగరటం వచ్చింది, శబ్దంతో దారి చూసుకోవటం తర్వాత వచ్చింది అని కొందరు తేల్చారు. మరికొందరు ఒప్పుకోలేదు. ఆ వాదన అలా ఉండగా, మనకు గర్వకారణమైన సంగతి ఒకటుంది. గుజరాత్‌లో సూరత్ జిల్లా వస్తాన్ లిగ్నైట్ గనిలో అంతే పాతకాలపు గబ్బిలాల శిలాజాలు, ఒకటి కాదు ఏడు జాతులవి, దొరికినట్టు 2007లో ప్రకటించారు. సియాచిన్, కార్గిల్ చూసిన సోదరులు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఆ హిమాలయాలు ఇంత ఎత్తు లేవక ముందే మన గడ్డ మీద గబ్బిలాలు ఎగిరాయి.

ఇప్పుడు మన లైన్‌లోకి వస్తాను. 1793 ప్రాంతంలో ఇటలీలో స్పలాంజానీ అనే ఆయన చీకటి గదిలో ప్రయోగాలు చేశాడు. దీపం ఆర్పేస్తే గుడ్లగూబ గోడలకు గుద్దుకుంది, గబ్బిలం గుద్దుకోలేదు. కళ్ళు పోయిన గబ్బిలాలు కూడా మామూలుగానే ఎగిరి, పురుగుల్ని పట్టుకుని కడుపు నింపుకున్నాయి. జెనీవాలో జురీన్ అనే డాక్టరు వాటి చెవులు మూసి చూశాడు. అప్పుడు మాత్రం అన్నిటికీ గుద్దుకున్నాయి. చెవితో చూస్తుందంటే ఆ రోజుల్లో ఎవరూ నమ్మలేదు. 1938లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ గ్రిఫిన్ అనే విద్యార్థి గబ్బిలాల పంజరాన్ని ఒక భౌతికశాస్త్ర ప్రొఫెసర్ దగ్గరికి తీసుకుపోయాడు. మన చెవికి అందని శబ్దాన్ని పట్టే యంత్రం ఆయన దగ్గరుంది. నిశ్శబ్దంగా ఉన్నాయనుకున్న గబ్బిలాలు నిజానికి గోల గోలగా అరుస్తున్నాయి. గ్రిఫిన్, గాలంబోస్ కలిసి ఆ చిక్కుముడి విప్పారు. అప్పటికి రాడార్, సోనార్ ఇంకా సైనిక రహస్యాలే.

మన చెవి 20 కిలోహెర్ట్జ్ దాకా వింటుంది. పురుగులు తినే గబ్బిలాలు చాలావరకు అంతకు పైన, 100 కిలోహెర్ట్జ్ దాటి కూడా అరుస్తాయి. లెక్క వేసి చూడండి. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. 3.4 మీటర్ల దూరంలో పురుగు ఉంటే, శబ్దం పోయి తిరిగి రావటానికి సెకనులో 50వ వంతు పడుతుంది. ఆ సందులో అది దూరం, దిక్కు, పురుగు సైజు తేల్చేస్తుంది. పురుగు దగ్గరపడేకొద్దీ అరుపులు దగ్గర దగ్గరగా పడి, ఆఖరి క్షణంలో సెకనుకు 200 దాకా పోతాయి. మనం సెర్చ్ నుంచి ట్రాకింగ్‌కి మారటం లాంటిదే ఇది. లాడం ముక్కు గబ్బిలం ఇంకా ఘనురాలు. తను ముందుకు ఎగురుతుంటే తిరిగొచ్చే శబ్దం హెచ్చు స్థాయిలో వస్తుందని, ఆ మేరకు తన అరుపునే తగ్గించుకుంటుంది. డాప్లర్ సవరణ అన్నమాట. 1968లో జర్మన్ శాస్త్రవేత్త ష్నిట్జ్‌లర్ దీన్ని నిరూపించాడు. మనం డాప్లర్ పాఠం బట్టీ పట్టటానికి ఎంత తిప్పలు పడ్డామో రాడార్ కోర్సు చేసినవాళ్ళకు తెలుసు.

అయితే ఎదుటివాడు ఊరుకుంటాడా? రాత్రిపూట దీపం చుట్టూ తిరిగే రెక్కల పురుగుల్లో చాలావాటికి గబ్బిలం అరుపు వినే చెవులు ఏర్పడ్డాయి. గబ్బిలం పురుగును కొద్ది మీటర్ల నుంచే పసిగడితే, పురుగు గబ్బిలాన్ని 30 మీటర్ల నుంచే వింటుంది. దూరంగా ఉంటే పక్కకు తప్పుకుంటుంది, దగ్గరైతే రెక్కలు ముడిచి నేలకు పడిపోతుంది. ఇంకో రకం పురుగు తనే టకటకమని శబ్దాలు చేసి గబ్బిలం లెక్క తప్పిస్తుంది. ఇది అసలు సిసలు జామింగ్. దీన్ని 2009లో ప్రయోగంతో చూపించారు. దానికి గబ్బిలం వైపు నుంచి జవాబు కూడా వచ్చింది. యూరప్‌లో బార్బస్టెల్ అనే గబ్బిలం మిగతావాటికంటే పది నుంచి వంద రెట్లు మెల్లగా అరిచి, పురుగు పసిగట్టే లోపే మీదికి వచ్చేస్తుంది. మన ఎలక్ట్రానిక్ యుద్ధం పాఠ్యపుస్తకమంతా అడవిలో ముందే రాసి ఉంది.

పెద్ద గబ్బిలాల సంగతి వేరు. మర్రి, చింత, రావి చెట్లకు నల్ల సంచుల్లా వేలాడేవి పండ్లు, పూలతేనె తింటాయి. వాటికి ఈ రాడార్ లేదు. పెద్ద కళ్ళు, మంచి ముక్కు, అంతే. రెక్క చివర నుంచి చివరకు నాలుగడుగులు ఉంటాయి.

మనిషి గబ్బిలాన్ని యుద్ధానికి కూడా వాడబోయాడు. అమెరికా అంతర్యుద్ధంలో టెక్సాస్ గుహల్లోని గబ్బిలాల రెట్ట నుంచి తుపాకిమందు కోసం సురేకారం తీశారు. రెండో ప్రపంచ యుద్ధంలో పెన్సిల్వేనియాకు చెందిన లిటిల్ ఆడమ్స్ అనే పళ్ళ డాక్టరు ఇంకో ఆలోచన చేశాడు. గబ్బిలాలకు చిన్న నిప్పు గుళికలు కట్టి జపాన్ నగరాల మీద వదిలితే, అవి చెక్క ఇళ్ళ చూరుల్లో దూరి అంటిస్తాయని అధ్యక్షుడికి రాశాడు. నిజంగానే ప్రాజెక్టు మొదలైంది. 1943లో న్యూమెక్సికోలో పరీక్ష చేస్తుండగా కొన్ని తప్పించుకుని, కొత్తగా కట్టిన వాళ్ళ ఎయిర్‌ఫీల్డు భవనాలనే తగలబెట్టాయి. 1944లో ప్రాజెక్టు మూసేశారు. గబ్బిలం ఎవరి ఆర్డరూ వినదు.

కానీ ఎవరూ ఆర్డర్ ఇవ్వకుండానే అది మనకు చేసే డ్యూటీ ఉంది. రైతు బిడ్డలం కాబట్టి ఇది మనకు వెంటనే అర్థమవుతుంది. థాయిలాండ్‌లో ఒక రకం గబ్బిలం వరికి తగిలే తెల్లమచ్చ దోమను తింటుంది. ఆ ఒక్క జాతి ఆ ఒక్క దోమను తినటం వల్ల ఏటా 2,900 టన్నుల దాకా వరి దక్కుతోందని 2014లో అంచనా వేశారు. అమెరికాలో 2006 నుంచి తెల్లముక్కు జబ్బు అనే బూజు తెగులు లక్షలాది గబ్బిలాలను చంపింది. గబ్బిలాలు పోయిన జిల్లాల్లో ఏం జరిగిందో 2024లో ఒక ఆర్థికవేత్త లెక్క తీశాడు. రైతులు పురుగుమందు 31 శాతం ఎక్కువ కొట్టారు. అక్కడ ఏడాది లోపు పసిపిల్లల మరణాలు సుమారు 8 శాతం పెరిగాయి. గబ్బిలం చస్తే ఉయ్యాల ఖాళీ అవుతుందని మన పెద్దవాళ్ళు కూడా అనుకుని ఉండరు.

పండ్లు తినే గబ్బిలాలు ఇప్పపూలను ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు కలుపుతాయి. మర్రి, రావి, నేరేడు గింజల్ని మైళ్ళ దూరం మోసి బోడిగుట్టల మీద రాలుస్తాయి. జామ, సపోటా, మామిడి తోటల్లో నష్టం చేసే మాట కూడా నిజం. అందుకు వల కట్టుకోవాలి గాని విషం పెట్టకూడదు.

ఇక అసలు భయం దగ్గరికి వద్దాం. దాచిపెట్టే పని లేదు. గబ్బిలాల్లో మనకు జబ్బు చేసే వైరస్‌లు ఉంటాయి. 1998-99లో మలేషియాలో నిపా వైరస్ నూరుమందికి పైగా ప్రాణాలు తీసింది. పందుల ఫారాల్లో పండ్ల చెట్లు పెంచారు. గబ్బిలాలు కొరికి పడేసిన పండ్లు పందులు తిన్నాయి, పందుల నుంచి మనుషులకు అంటుకుంది. మన దేశంలో 2001లో సిలిగురిలో, 2018లో కేరళలో వచ్చింది. కేరళలో ఆ ఒక్కసారే 17 మంది చనిపోయారు. బంగ్లాదేశ్‌లో గబ్బిలాలు నాకిన పచ్చి ఖర్జూర రసం తాగి జబ్బు పడ్డారు. కోవిడ్ వైరస్‌కు దగ్గర చుట్టాలు చైనా, లావోస్ గబ్బిలాల్లో దొరికాయి. మన దేశపు గబ్బిలాల నుంచి కోవిడ్ మనుషులకు వచ్చిందనటానికి మాత్రం ఆధారం లేదు.

"అయితే చంపేస్తే పోలా?" అంటారు. చంపి చూసినవాళ్ళ కథ చెబుతాను. ఉగాండాలో కిటాకా అనే గనిలో 2007లో కూలీలకు మార్బర్గ్ అనే భయంకరమైన జ్వరం వచ్చింది. ఆ గనిలో వేల గబ్బిలాలున్నాయి. గనివాళ్ళు వాటినన్నిటినీ నిర్మూలించారు. కొన్నేళ్ళకు కొత్త గబ్బిలాలు కొద్దిగా వచ్చి చేరాయి. వాటిని పరీక్షిస్తే, ముందు నూటికి 5 గబ్బిలాల్లో ఉన్న వైరస్ ఇప్పుడు నూటికి 13లో ఉంది. 2012లో ఆ చుట్టుపక్కలే మళ్ళీ జబ్బు వచ్చింది, ముందుకంటే పెద్దగా. పాత యూనిట్‌ను తీసేసి రంగరూట్లను పంపితే ఏమవుతుందో అదే అయింది. జబ్బుకు అలవాటుపడి తట్టుకున్న పాతవి పోయాయి, అలవాటు లేని కొత్తవి వచ్చి అంటించుకున్నాయి.

ఆస్ట్రేలియా నుంచి ఇంకో సాక్ష్యం. అక్కడ హెండ్రా అనే వైరస్ గబ్బిలాల నుంచి గుర్రాలకు, గుర్రాల నుంచి మనుషులకు వస్తుంది. 25 ఏళ్ళ లెక్కలు చూసి 2022లో తేల్చిందేమిటంటే, చలికాలంలో పూసే అడవి చెట్లు నరికేస్తే గబ్బిలాలు ఆకలితో గుర్రాల పొలాలకు చేరుతున్నాయి, జబ్బు అప్పుడే వస్తోంది. అడవి బాగా పూసిన ఏడు అవి అడవికే పోతున్నాయి, జబ్బు రావటం లేదు. ఆకలిగొన్న గబ్బిలం, బెదిరిన గబ్బిలం, వీటితోనే ముప్పు. కడుపు నిండి తన చోట వేలాడే గబ్బిలంతో కాదు.

2020 మేలో గోరఖ్‌పూర్ దగ్గర చెట్ల కింద గబ్బిలాలు కుప్పలుగా చచ్చిపడ్డాయి. కోవిడే అని జనం హడలిపోయారు. బరేలీలోని పశువైద్య పరిశోధన సంస్థ పరీక్షించి, వడదెబ్బ అని తేల్చింది. అదే వేసవిలో గిద్దలూరు వైపు మా ఊళ్ళో చెరువుగట్టు చింతల మీది గబ్బిలాలకు పాత టైర్లు కాల్చి పొగ పెట్టాలని కొందరు కుర్రాళ్ళు బయల్దేరారు. నేనూ, స్కూలు మాస్టారూ పోయి మాట్లాడాం. "ఒరేయ్, ఇప్పుడైతే అవి ఎక్కడున్నాయో మనకు తెలుసు. పొగ పెడితే ఊళ్ళో ప్రతి చూరులోకీ చేరతాయి. శత్రువనుకున్నా సరే, కళ్ళ ముందున్నవాణ్ణి ఇంట్లోకి తోలుకుంటామా?" అన్నాను. పైగా మే నెలలో తల్లుల పొట్టలకు పిల్లలు అంటిపెట్టుకుని ఉన్నాయి. అది చూసి ఒక పెద్దావిడ కుర్రాళ్ళను నాకంటే గట్టిగా తిట్టింది. టైర్లు వెనక్కి పోయాయి. గబ్బిలాలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

ఆ పిల్లల సంగతే ముఖ్యం. ఎలుక ఏడాదికి డజన్ల కొద్దీ కంటుంది. గబ్బిలం చాలా జాతుల్లో ఏడాదికి ఒక్క పిల్లనే కంటుంది. దానికి బదులు ఎక్కువ కాలం బతుకుతుంది. సైబీరియాలో గుర్తు వేసి వదిలిన గబ్బిలం ఒకటి 41 ఏళ్ళ తర్వాత మళ్ళీ దొరికింది. బరువు చూస్తే పది గ్రాములు కూడా ఉండదు. మెల్లగా పెంచుకునే సైన్యం ఇది. ఒక్క రాత్రి చేసిన నష్టం పూడటానికి పదేళ్ళు పడుతుంది. తెలుగువాళ్ళు చాలామంది ఉన్న కోలారు జిల్లాలో హనుమనహళ్ళి గుట్టలో ఒక రకం గబ్బిలం ఉంది. ప్రపంచం మొత్తం మీద ఆ ఒక్క గుహలోనే మిగిలింది, అదీ రెండు వందల లోపు. చుట్టూ గ్రానైట్ క్వారీలు తవ్వటంతో ఆ గతి పట్టింది. ఆ గుహ పోతే ఆ జాతే పోయినట్టు.

మన చట్టం కూడా ఆలస్యంగా మేలుకుంది. 1972 వన్యప్రాణి చట్టంలో పండ్లు తినే గబ్బిలాలను కాకి, ఎలుకల సరసన హానికర జంతువుల జాబితాలో పెట్టారు. 2022లో సవరణ చేసి ఆ జాబితానే ఎత్తేశారు. 2023 ఏప్రిల్ నుంచి పెద్ద గబ్బిలానికి రెండో షెడ్యూలు రక్షణ వచ్చింది. ఇప్పుడు దాన్ని చంపటం నేరం.

మన తెలుగువాళ్ళకు గబ్బిలం విలువ ఒక మహాకవి ముందే చెప్పాడు. 1941లో గుర్రం జాషువా గారు గుడి గడప తొక్కనివ్వని మనిషి గోడును శివుడికి చేరవేయటానికి దూతగా హంసను కాదు, మేఘాన్ని కాదు, గబ్బిలాన్ని ఎంచుకున్నారు. గర్భగుడిలోకి అడ్డు లేకుండా పోగలిగేది అదే కాబట్టి. బీహార్‌లో వైశాలి జిల్లా సరసాయి గ్రామంలో ఈనాటికీ గబ్బిలాలను ఊరికి రక్షణ అని కొలుస్తారు. మనలో చాలామంది మాత్రం ఇంట్లోకి గబ్బిలం వస్తే అరిష్టం అంటాం.

కొలవమని నేను అనటం లేదు. బోర్డర్‌లో ఉన్నవాళ్ళకు తెలిసిన పద్ధతే చెబుతున్నాను. గీత ఉంది, గీతకు అటు వాళ్ళు, ఇటు మనం. గీత దాటితేనే గొడవ. కాబట్టి కొన్ని నియమాలు.

గబ్బిలాన్ని, చచ్చినదైనా సరే, ఉత్త చేత్తో తాకవద్దు. కరిచినా గీరినా సబ్బుతో, ధారగా నీళ్ళతో పావుగంట కడిగి వెంటనే ఎంఐ రూముకో ఆసుపత్రికో పోవాలి. కొరికి పడేసిన పండు ఎంత బాగున్నా తినవద్దు, పశువులకూ వేయవద్దు. తాటి, ఈత చెట్లకు కట్టిన కుండలకు మూత వేయించాలి. మూసి ఉన్న పాత బ్యారకు, బంకరు, స్టోరు శుభ్రం చేయటానికి ఫాటిగ్ పార్టీని పంపితే మాస్కు ఇచ్చి, ముందు నీళ్ళు చల్లించాలి. ఎండిన రెట్ట దుమ్ములో ఊపిరితిత్తులను పాడుచేసే బూజు ఉండొచ్చు. లోపల పిల్లలు ఉన్న రోజుల్లో కన్నాలు పూడ్చవద్దు. పిల్లలు ఎగరటం నేర్చాక, రాత్రి అన్నీ బయటికి పోయినప్పుడు పూడ్చుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, కంటోన్మెంట్లలో, మన ఊళ్ళలో పాత మర్రి, రావి, చింత చెట్లు నిలబెట్టాలి. చెట్టు నరకమని ఎవరైనా కాగితం పెడితే, మన సంఘం సభ్యులు ఒక్కసారి పైకి చూసి, ఎవరి ఇల్లు ఉందో కనుక్కుని, అప్పుడు సంతకం పెట్టండి.

మనం రాత్రి సంత్రీ డ్యూటీ చేసినప్పుడు ఊరంతా నిద్రపోతుంది. ఎవడో మెలకువగా ఉన్నాడని ఎవరికీ గుర్తుండదు. గుర్తుండకపోయినా ఫరవాలేదు, మన మీద రాయి వేయకుండా ఉంటే చాలు అనుకున్నాం. గబ్బిలానికి కూడా ఆ మాత్రం మర్యాద ఇద్దాం. 

జై హింద్.